అసలు రూపం, గడచిన కాలం: అరబ్బీ దుర్బల క్రియలూ ఆధునిక భాషాశాస్త్రమూ

జంషెడ్‌పూర్‌లో సువర్ణరేఖ మీది వంతెన దాటితే మాంగో వస్తుంది. ఉక్కు కర్మాగారం చుట్టూ పెరిగిన ఆ పట్టణంలో అనేక భాషలవారు స్థిరపడ్డారు. శ్రీకాకుళం, విజయనగరం వైపునుంచి పనికోసం వెళ్లిన తెలుగు కుటుంబాలు అక్కడ తరతరాలుగా ఉన్నాయి. మాంగోలోని ఆజాద్‌నగర్, జాకిర్‌నగర్ పేటలలో ప్రధానంగా వినవచ్చేది ఉర్దూ. ఉర్దూ ద్వారా అరబ్బీ నేర్చే ఏ మదరసా విద్యార్థి అయినా, అది మాంగో కానీ లక్నో కానీ, పదనిర్మాణ శాస్త్రం ఆరంభించిన కొద్ది నెలలకే ఒక వాక్యాన్ని కంఠస్థం చేస్తాడు: ‘ఖాల అస్ల్ మేఁ ఖవల థా’. ‘ఖాల’ అంటే ‘అన్నాడు’. ఆ రూపం అసలులో ‘ఖవల’గా ఉండేదని ఈ వాక్యానికి అర్థం.

ఈ చిన్న వాక్యంలో చిక్కంతా చివరి మాటలో ఉంది. ‘థా’ భూతకాల క్రియ. ఒకానొక కాలంలో అరబ్బులు ‘ఖవల’ అని పలికేవారనీ, కాలక్రమాన అది ‘ఖాల’ అయిందనీ విద్యార్థి గ్రహిస్తాడు. ఉపాధ్యాయుడూ సాధారణంగా అదే గ్రహించి ఉంటాడు. వ్యాకరణ సూత్రం ఇలా చరిత్రగా చెలామణీ కావడం సమంజసమేనా? అరబ్బీ వ్యాకర్తలు నిజంగా చెప్పినదేమిటి? ఆధునిక భాషాశాస్త్రం వారిని ఖండించినప్పుడు గానీ, ఆ తరువాత తలకెత్తుకొన్నప్పుడు గానీ, వారి మాటను సరిగా విన్నదా?

తెలుగు పాఠకునికి ఈ ధాతువులు కొత్తవి కావు. ‘అసలు’ అనే మాటే అరబ్బీ ‘అస్ల్’. ప్రభుత్వ కార్యాలయంలో ఒక దస్త్రం విప్పితే జారీ, బాకీ, రాజీ, ఖాళీ, మాఫీ, ఖాయం, మకాం, దావా, హవాలా, వసూలు వంటి మాటలు తప్పక కనిపిస్తాయి. వీటన్నిటి ధాతువులలోనూ వావ్ గానీ యా గానీ, అంటే వకారం గానీ యకారం గానీ, ఒక మూలవర్ణం. అటువంటి ధాతువులను అరబ్బీలో ‘ముఅతల్’ అంటారు. మాటకు అర్థం జబ్బుపడినది. ఆరోగ్యవంతమైన ధాతువు ‘సహీహ్’. మనం కాగితం కింద చేసే ‘సహీ’ ఈ మాటే. జబ్బును సూచించే ‘ఇల్లత్’ అనే పదానికే హేతువు అన్న అర్థమూ ఉంది. వర్ణం జబ్బుపడటం ‘ఇఅలాల్’, దానికి కారణం చెప్పడం ‘తఅలీల్’. రోగమూ నిదానమూ ఒకే ధాతువునుంచి పుట్టిన శాస్త్రం ఇది. వావ్, అలిఫ్, యా అనే మూడు అస్వస్థ వర్ణాలను కలిపితే ‘వాయ్’ అవుతుందనీ, అది రోగి మూలుగనీ మదరసాలలో ఒక చమత్కారం చెబుతారు.

సంస్కృతం చదివినవారికి యకార వకారాల ఈ చపలత్వం సుపరిచితం. ‘వచ్’ నుంచి ‘ఉక్తం’, ‘యజ్’ నుంచి ‘ఇష్టం’ వచ్చినప్పుడు వ, య లు ఉ, ఇ లుగా మారడాన్ని పాణినీయులు సంప్రసారణం అన్నారు. అంతస్థాలు అచ్చులకూ హల్లులకూ మధ్య నిలిచిన వర్ణాలు. ఏ భాషలోనైనా మొదట తడబడేవి అవే.

అరబ్బీ వ్యాకర్తలు ఈ తడబాటును మూడు ప్రక్రియలుగా విభజించారు. ఒక వర్ణం మరొకటిగా తిరగడం ‘ఖల్బ్’. ఒక వర్ణం మీది అచ్చు ముందున్న వర్ణానికి బదిలీ కావడం ‘నఖ్ల్’. మనం ‘నకలు’ అనేది ఆ పదాన్నే. వర్ణం లోపించడం ‘హజ్ఫ్’. అకారం తరువాత అచ్చుతో కూడిన వావ్ గానీ యా గానీ వస్తే అది అలిఫ్‌గా తిరుగుతుంది. ‘ఖవల’ ‘ఖాల’ కావడం, ‘రమయ’ ‘రమా’ (విసిరాడు) కావడం ఈ సూత్రం వల్లనే. వర్తమానంలో ‘యఖ్వులు’ అనవలసినది, వావ్ మీది ఉకారం ముందున్న వర్ణానికి బదిలీ కాగా ‘యఖూలు’ అవుతుంది. ‘వఅద’ (మాట ఇచ్చాడు) నుంచి ‘యౌఇదు’ అనవలసిన చోట వావ్ లోపించి ‘యఇదు’ అవుతుంది. ‘వాయిదా’ అనే మాట ఈ కుటుంబానిదే.

దస్త్రంలోని నాలుగు మాటలను మళ్లీ చూస్తే సూత్రం పనిచేసే తీరు స్పష్టమవుతుంది. జారీ, బాకీ, రాజీ, ఖాళీ నాలుగూ ఒకే అచ్చులో పోసినట్లున్నాయి. కాని జారీ, బాకీల ధాతువులలో చివరి వర్ణం యా కాగా, రాజీ, ఖాళీల ధాతువులలో అది వావ్. ఇకారం తరువాత పదాంతంలో వావ్ నిలవదు. అది యా అయి, ఇకారంతో కలిసి దీర్ఘమవుతుంది. కనుక రాజీలో ఒక వకారం అణగి ఉన్నదని మాట చూసి చెప్పలేము. ‘రిజ్వాన్’ అనే పేరు ఎదుటికి వచ్చినప్పుడు ఆ వకారం బయటపడుతుంది. ‘ఖాయం’, ‘మకాం’ అనే మాటలలో కనిపించని వకారం ‘ఖౌమ్’ అనే మాటలో కనిపిస్తుంది. వ్యాకర్త ‘అసలు’ అన్నది దీనినే. చెదిరిన బంధువులను ఒకే వంశవృక్షం కింద చేర్చడానికి నిలిపిన రూపమది.

ఈ దృష్టికి ఎంత శక్తి ఉన్నదో హీబ్రూ వ్యాకరణ చరిత్ర తెలుపుతుంది. హీబ్రూలోని దుర్బల క్రియలకు ఒకటి రెండు వర్ణాల ధాతువులున్నాయని యూదు పండితులు చాలాకాలం భావించారు. సుమారు క్రీ.శ. 1000 ప్రాంతంలో కోర్డోబాలో ఉన్న యూదా హయ్యూజ్ అరబ్బీ వ్యాకర్తల పద్ధతిని హీబ్రూకు అన్వయించి, ఆ క్రియలకూ మూడు వర్ణాల ధాతువులే ఉన్నాయని నిరూపించాడు. ఒక భాష కోసం ఏర్పడిన సిద్ధాంతం సోదర భాషలోనూ దీపం పట్టింది.

భారతదేశంలో ఈ శాస్త్రానికి సుదీర్ఘమైన బోధనా సంప్రదాయం ఉంది. 1748లో మరణించిన లక్నో ఫిరంగీ మహల్ పండితుడు ముల్లా నిజాముద్దీన్ పేరుమీద ప్రసిద్ధమైన ‘దర్సే నిజామీ’ పాఠ్యక్రమంలో పదనిర్మాణ గ్రంథాలకు తొలి స్థానం. తరువాతి కాలంలో ఆ వరుసలో చేరిన గ్రంథాలలో ‘ఇల్ముస్సీగా’ విశిష్టమైనది. దాని కర్త ముఫ్తీ ఇనాయత్ అహ్మద్ కాకోర్వీ కంపెనీ ప్రభుత్వంలో మున్సిఫ్‌గా, బరేలీలో సదర్ అమీన్‌గా పనిచేసిన న్యాయాధికారి. 1857 తిరుగుబాటుకు తోడ్పడినాడన్న అభియోగం మీద ఆయనను అండమాన్ దీవులకు పంపారు. పారసీకంలో ఉన్న ఈ పుస్తకాన్ని అక్కడే రచించాడు. గ్రంథనామంలోని వర్ణాలకు అబ్జద్ లెక్క ప్రకారం సంఖ్యలు వేసి కూడితే 1276 వస్తుంది. హిజ్రీ 1276 అంటే క్రీ.శ. 1859–60. పేరులోనే రచనాకాలాన్ని పొదగడం ఆనాటి పండితులకు వాడుక. విడుదలై వచ్చి కాన్పూరులో విద్యాబోధన సాగించిన ముఫ్తీ 1863లో హజ్ యాత్రకు వెళుతూ జెడ్డా సమీపంలో ఓడ మునిగి మరణించాడు.

కాలాపానీలో, గ్రంథాలయానికి దూరంగా, ఒక న్యాయాధికారి జబ్బుపడిన వర్ణాల చట్టాన్ని రాసుకొంటూ కూర్చోవడం ఊహకు అందని దృశ్యమేమీ కాదు. పుస్తకం చదివినప్పుడు మనసుకు తగిలేది మాత్రం ఆ దృశ్యం కాదు, న్యాయాధికారి స్వభావం. సూత్రం ఒక పంక్తిలో ముగుస్తుంది. దాని వెంట మినహాయింపులు బారులు తీరుతాయి. అకారం తరువాతి వావ్ అలిఫ్ అవుతుంది. అయితే ద్వివచన చిహ్నమైన అలిఫ్‌కు ముందు కాదు. ‘దఅవా’ (వారిద్దరూ పిలిచారు) అన్న చోట వావ్ మారితే అది ఏకవచనమైన ‘దఆ’తో కలిసిపోతుంది. ‘దవరాన్’ (తిరగడం), ‘హయవాన్’ (ప్రాణి) వంటి నమూనాలోనూ మారదు. శారీరక లోపాన్ని సూచించే ‘అవిర’ (ఒంటికన్ను వాడయ్యాడు) వంటి క్రియలోనూ మారదు. ఇది ‘ఇఅవర్ర’ అనే మరో రూపానికి సమానార్థకం. అక్కడ వావ్ చెక్కుచెదరదు కనుక ఇక్కడా నిలిచిందని వ్యాకర్తల సమాధానం. ఈ మినహాయింపులు ఇనాయత్ అహ్మద్ కల్పించినవి కావు. ఎనిమిదో శతాబ్దిలోని ఖలీల్, ఆయన శిష్యుడు సీబవైహి నాటినుంచి పేరుకొన్న చర్చల సారమవి. సూత్రాన్ని ఎదిరించే ఉదాహరణను దాచిపెట్టకుండా సూత్రం పక్కనే కూర్చోబెట్టడం ఆ సంప్రదాయపు నిజాయతీ. సూత్రం ఒప్పుకోకపోయినా ప్రయోగం నిర్ద్వంద్వంగా ఉన్న రూపాలకు వారు ప్రత్యేక స్థానమే ఇచ్చారు. ఖుర్ఆన్‌లోని ‘ఇస్తహ్వజ’ (వశపరచుకొన్నాడు) అందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. సూత్రప్రకారం అది ‘ఇస్తహాజ’ కావాలి. కాలేదు, కనుక అది అసలు రూపాన్ని గుర్తుచేసే సాక్షి అన్నారు.

ఇక ‘థా’ సంగతి. క్రీ.శ. 1002లో మరణించిన ఇబ్న్ జిన్నీ తన ‘అల్ ఖసాయిస్’లో ఈ ప్రశ్నకే ఒక అధ్యాయం కేటాయించాడు. వస్తువుల క్రమాన్ని మనం ఊహలో నిర్ణయిస్తామే కాని కాలంలో కాదని ఆ అధ్యాయం వాదన. ‘ఖామ’ (నిలిచాడు)కు అసలు ‘ఖవమ’ అన్నప్పుడు, ప్రజలు ఒక యుగంలో అలా పలికి తరువాత మానుకొన్నారని అర్థం చేసుకోవడం తప్పు అంటాడు. ఈ క్రియ ఆరోగ్యవంతమైన క్రియల నమూనాలో వచ్చి ఉంటే ఎలా ఉండేదో తెలపడమే ఆ మాట ఉద్దేశం. ‘థా’ అనే భూతకాలానికి సుమారు వెయ్యేళ్ల క్రితమే ఇంత స్పష్టమైన ప్రత్యాఖ్యానం ఉంది. పాఠ్యపుస్తకాలు సూత్రాన్ని నిలుపుకొని ఈ హెచ్చరికను జారవిడిచాయి.

ఆధునికులు తొలుత చేసిన విమర్శ ధ్వనిశాస్త్రం పక్షాన వచ్చింది. ట్యునీషియా పండితుడు తయ్యిబ్ బక్కూష్ 1973లో ఆధునిక ధ్వనిశాస్త్రం వెలుగులో అరబ్బీ పదనిర్మాణాన్ని పునర్విచారించాడు. ఈజిప్టుకు చెందిన అబ్దుస్సబూర్ షాహీన్ ఆ తరువాత కొద్ది ఏళ్లకు అదే బాటలో మరింత ముందుకు వెళ్లాడు. వావ్ అలిఫ్‌గా తిరిగిందనడం లిపిని చూసి చెప్పిన మాట అని షాహీన్ వాదం. నోటిలో జరిగినది వేరు. రెండు హ్రస్వ అకారాల మధ్య వకారం లోపించింది. మిగిలిన రెండు అకారాలు కలిసి దీర్ఘమయ్యాయి. అలిఫ్ ఒక వర్ణం కాదు, దీర్ఘాచ్చుకు గుర్తు మాత్రమే. తెలుగు చదివేవారికి ఈ విమర్శ తేలికగా బోధపడుతుంది. మన గుణింతంలో ‘ఖా’ ఒకే అక్షరం. దీర్ఘాన్ని విడి అక్షరంగా మనం ఎన్నడూ లెక్కించలేదు. (అయితే మన లిపికీ దాని పరిమితులున్నాయి. ‘ఖాల’లోని కంఠమూల ధ్వనినీ ‘ఖాళీ’లోని ఊష్మధ్వనినీ ఒకే ఖకారంతో సరిపెట్టుకొంటున్నాము.)

ఈ విమర్శ న్యాయమైనదే. కాని అది ‘ఖాల’ దగ్గర ఎంత సరళమో, ‘దవరాన్’ దగ్గరకు వచ్చేసరికి అంత సరళం కాదు. అక్కడా వకారం రెండు అచ్చుల మధ్యనే ఉంది. అయినా అది లోపించకపోవడానికి కారణం ధ్వని ఒక్కదానితో తేలదు. పద నమూనాను, అర్థాన్ని లెక్కలోకి తీసుకోక తప్పదు. పాతవారు మినహాయింపులలో చేసినది అదే. మరొక చిక్కు ఉత్తమ పురుషలో ఉంది. ‘ఖామ’కు ‘నేను నిలిచాను’ అనే రూపం ‘ఖుమ్తు’. అక్షరం హల్లుతో మూసుకొన్నప్పుడు దీర్ఘం హ్రస్వమవుతుందన్న నియమంతో హ్రస్వత్వాన్ని వివరించవచ్చు. అప్పుడు ‘ఖమ్తు’ రావాలి. హీబ్రూలో నిజంగానే ‘ఖమ్తి’ అంటారు. అరబ్బీలో ఉకారం ఎక్కడినుంచి వచ్చింది? ధాతువులోని వావ్ గుర్తుగా అంటే, యా గల ‘సార’ (నడిచాడు)కు ‘సిర్తు’ రావడం దానికి అనుకూలమే. కాని ‘ఖాఫ’ (భయపడ్డాడు) ధాతువులో వావ్ ఉన్నా వచ్చే రూపం ‘ఖిఫ్తు’. ఇక్కడి ఇకారం ధాతువుది కాదు, ‘ఖవిఫ’ అనే ఊహారూపంలోని మధ్య అచ్చుది. కళ్లకు కనిపించని ‘ఖవిఫ’ను ఒప్పుకోకుండా కళ్లెదుట ఉన్న ‘ఖిఫ్తు’కు కారణం చెప్పడం కష్టం. అసలు రూపాన్ని భ్రమగా కొట్టివేయబోయిన వారిని ఈ ఒక్క క్రియ నిలవేస్తుంది.

ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధంలో గాలి మారింది. హీబ్రూ పదవర్ణ వ్యవస్థపై 1951లో స్నాతకోత్తర వ్యాసం సమర్పించిన నోం చామ్‌స్కీ అనంతరకాలంలో నిర్మించిన ఉత్పాదక వ్యాకరణంలో, ఉచ్చారణలో వినిపించని అంతర్గత రూపానికీ, దానిపై వరుసగా పనిచేసే సూత్రాలకూ గౌరవస్థానం లభించింది. మైకేల్ బ్రేమ్ 1970లో ఎం.ఐ.టి.లో ఈ పద్ధతిన అరబ్బీ వర్ణవ్యవస్థను విశ్లేషించాడు. జాన్ మెకార్తీ 1979లో అక్కడే సమర్పించిన సిద్ధాంత గ్రంథంలో ధాతుహల్లులను ఒక అంతస్తులోను, అచ్చులను మరొక అంతస్తులోను, నమూనాను వేరొక అంతస్తులోను నిలిపాడు. ధాతువు, ‘వజన్’ అని వేరుచేసి చదువుకొన్న మదరసా విద్యార్థికి ఇందులో విస్తుపోవలసినది ఎక్కువ లేదు. సీబవైహీ, ఇబ్న్ జిన్నీ ఆధునికులకు పూర్వగాములన్న ప్రశంస ఆ దశకాలలో విరివిగా వినిపించింది.

ఈ ప్రశంసను యథాతథంగా స్వీకరించడం ఉచితం కాదు. ఉత్పాదక వ్యాకర్తకు అంతర్గత రూపం వక్త మనసులోని జ్ఞానానికి సంబంధించినది. ఇబ్న్ జిన్నీకి అది భాషలోని వివేకానికి సాక్ష్యం. బరువైన ఉచ్చారణను విడిచి తేలికైనదాన్ని ఎన్నుకోవడంలో అరబ్బుల ప్రజ్ఞ వ్యక్తమవుతుందని ఆయన విశ్వాసం. పరికరం ఒకటే, పని వేరు. జార్జ్ బోహాస్, జాఁ పాట్రిక్ గియోమ్ 1984లో ప్రకటించిన గ్రంథంలో ఆ వ్యాకర్తల వాదాలను వారి పరిభాషలోనే అనుసరించి పరిశీలించారు. పొగడ్తకంటె ఆ శ్రమ వారికి ఎక్కువ గౌరవం.

ఇంతవరకు జరిగిన వాదంలో చరిత్ర మాట్లాడలేదు. వ్యాకర్తలు చరిత్ర చెప్పడం లేదన్నారు. ఆధునికులూ తమది చరిత్ర కాదన్నారు. శిలలు చెప్పినది వేరు. 2015లో అహ్మద్ అల్ జల్లాద్, అలీ అల్ మనాసిర్ ఈశాన్య జోర్డాన్‌లోని వాదీ సల్మా శాసనాన్ని ప్రకటించారు. ఇస్లాంకు శతాబ్దాల పూర్వం ఒక ఎడారివాసి గ్రీకు లిపిలో రాసిన అరబ్బీ అది. అప్పటి ఎడారి లిపులలో అచ్చులు రాసే పద్ధతి లేదు. గ్రీకు లిపిలో ఉంది. అతడు ‘వచ్చాడు’ అనే క్రియను రాసిన తీరును చదివితే ‘అతవ’ అని వస్తుంది. శిష్ట అరబ్బీలో అది ‘అతా’. పదాంతంలోని అంతస్థం అతని నోట పూర్తి హల్లుగా ఉంది. వ్యాకర్తలు ఊహలో నిలిపిన రూపాన్ని ఒకరు నిజంగా పలికారు.

ఇథియోపియా ప్రాచీన భాష గీజ్ కూడా ఈ సాక్ష్యానికి తోడు నిలుస్తుంది. అరబ్బీ ‘బకా’ (ఏడ్చాడు)కు అక్కడ ‘బకయ’, ‘తలా’ (వెంబడించాడు)కు ‘తలవ’. అరబ్బీ లిపిలోనూ ఆ జ్ఞాపకం మిగిలింది. ‘బకా’, ‘రమా’ చివర యా రాస్తారు, ఆకారం చదువుతారు. మాంగో వీధులలో వినిపించే ముస్తఫా, ముర్తజా, మూసా అనే పేర్లు, మన న్యాయస్థానాలలోని ‘దావా’ కూడా ఆ లిపిలో యాతోనే ముగుస్తాయి.

అయితే మధ్యవర్ణం దుర్బలమైన ‘ఖామ’ వంటి క్రియల కథ ఇలా లేదు. హీబ్రూలో ‘ఖామ్’, అరమాయిక్‌లో ‘ఖామ్’, గీజ్‌లో ‘ఖోమ’. పదాంతపు అంతస్థాన్ని అంత భద్రంగా కాపాడిన గీజ్‌లో కూడా మధ్య అంతస్థం విడి హల్లుగా నిలవలేదు. ఎప్పుడైనా ‘ఖవమ’ అని పలికి ఉంటే, అది ఈ భాషలు విడిపోవడానికి ఎంతో ముందు కావాలి. అసలు అలా పలకనేలేదని, ఈ క్రియలకు ఆదిలో రెండు హల్లులూ నడుమ ఒక దీర్ఘమూ మాత్రమే ఉండేవని వాదించిన సెమిటిక్ పండితులూ ఉన్నారు.

‘ఖవల’నూ ‘రమయ’నూ ఒకే సూత్రం కిందికి తేవడం వ్యాకర్తల ఘనత. లాఘవం దృష్ట్యా అంతకంటె మంచి సూత్రం లేదు. కాని ఆ ఒక్క సూత్రం కింద రెండు వేర్వేరు చరిత్రలు ఉన్నాయి. ఒకటి శాసనకాలానికి ఇంకా ముగియని మార్పు. రెండవది జ్ఞాపకానికి అందని పాతది, లేదా ఎన్నడూ జరగనిది. సూత్రాల వరుసను చూసి మార్పుల వరుసను చెప్పలేమన్న ఇబ్న్ జిన్నీ హెచ్చరిక అక్షరాలా నిలిచింది. అయితే అసలు రూపాలన్నీ ఊహలేనన్న ఆధునికుల తొందరపాటు కూడా ఆ శాసనం ముందు నిలవలేదు.

మన వ్యాకరణంలో ఇటువంటి గందరగోళం తక్కువ. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి యడాగమం విధించాడు. అది ఏ శతాబ్దిలో ఆగమించిందని ఎవరూ అడగరు. ఆగమ ఆదేశాలు శాస్త్రప్రక్రియలని పాణినీయ వాసన గల పాఠకునికి తెలుసు. ‘వాడు’ అనే మాటకు వెనుక ‘వాఁడు’, ‘వాండు’, దానికి ముందు తొలి శాసనాలలోని ‘వాన్ఱు’ ఉన్నాయన్నది వేరే జాతి వాక్యం. అది రాతిమీద చదివి చెప్పినది. భద్రిరాజు కృష్ణమూర్తి 1961లో తెలుగు క్రియాధాతువులపై వెలువరించిన గ్రంథం తరువాత, ఈ రెండు జాతుల వాక్యాలను వేరుగా ఉంచి చదవడం మన భాషావేత్తలకు అలవాటయింది.

‘అసలు’ను తెలుగు తీసుకొన్నప్పుడు దానిలో కాలసూచన చేరలేదు. అసలూ వడ్డీ అన్నప్పుడు అసలు పాతది, వడ్డీ కొత్తది అని అర్థం కాదు. ఒకదాని మీద మరొకటి లెక్కకట్టబడుతుందని అర్థం. ‘ఖాల అసలు ఖవల’ అని తెలుగులో చెప్పి ఊరుకొంటే ఇబ్న్ జిన్నీ ఉద్దేశం చక్కగా అందుతుంది. ఉర్దూ వాక్యం ‘థా’ లేకుండా ముగియదు. ఆ ఒక్క మాట పక్కన, ‘రమా’కు సాక్ష్యం ఉన్నదనీ ‘ఖాల’కు లేదనీ ఒక పంక్తి చేర్చడానికి ‘ఇల్ముస్సీగా’ పుటల అంచులలో చోటు ఉంది. వ్యాఖ్యలు రాసుకోవడానికే ఆ అంచులను అంత వెడల్పుగా విడిచేవారు.